వెనక చక్రం పరీక్ష

"గాలి చూడండి, ఆయిల్ చూడండి, చెయిన్‌కి కాస్త గ్రీజు పూసి ఇచ్చేయండి. గురువారం పొద్దున్నే బయల్దేరుతున్నాను. ఏడువందల కిలోమీటర్లు!"

ఆ చివరి మాట దగ్గర అతను గొంతు కాస్త పెంచాడు. వారం రోజులుగా పెంచుతూనే ఉన్నాడు. ఇంట్లో అక్కతో చెప్పాడు, షాపులో యజమానితో చెప్పాడు, కటింగ్ చేసే అతనితో తల వంచుకుని మరీ చెప్పాడు. విన్నవాళ్లంతా "అబ్బో" అన్నారు. మెకానిక్ షెడ్డులో ఉన్న అమ్మాయి మాత్రం అనలేదు. మోచేతుల దాకా నల్లగా ఉన్న చేతుల్ని గుడ్డతో తుడుచుకుంటూ, బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

బయల్దేరడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. అయినా అతను సామానంతా కట్టేసుకుని వచ్చాడు. కడితే బండి ఎలా ఉంటుందో చూసుకోవాలనిపించింది, అంతే.

"ఇదేంటి సార్?"

"టెంటు."

"మరి ఇది?"

"ఇంకో టెంటు. మొదటిది చిరిగితే పనికొస్తుందని."

"మంచి ముందుచూపే. టూల్ కిట్ ఎక్కడుంది?"

అతను రెండో టెంటు వైపు చూశాడు. "చోటు సరిపోలేదండీ."

ఆమె నవ్వలేదు. ఒక పానా తీసి అతని చేతికిచ్చింది. "వెనక చక్రం ఊడదీయండి."

"నేనా? దానికే కదా మీ దగ్గరికొచ్చింది?"

ఆమె వేలితో గోడ చూపించింది. రేకు మీద తెల్ల రంగుతో పెద్ద అక్షరాలు: "దూరం వెళ్లేవాళ్లు వెనక చక్రం సొంతంగా ఊడదీసి, బిగించి చూపించాలి. లేకపోతే బండి సర్వీసు చేయబడదు."

ఈ బోర్డుకి ఒక కథ ఉంది. చాలా ఏళ్ల కిందట ఓ కొత్త జంట ఈ షెడ్డులోనే బండి సర్వీసు చేయించుకుని ఊరెళ్లింది. నడిదారిలో వెనక టైరు పంక్చరు. భర్తకి చక్రం తీయడం రాదు. రాదని భార్యకి తెలుసు. తెలుసని భర్తకి తెలుసు. ఐదు గంటల తర్వాత ఒక లారీ వచ్చి ఎక్కించుకునేసరికి ఇద్దరికీ మాటల్లేవు. మళ్లీ మాటలు మొదలవడానికి రెండు నెలలు పట్టిందట. అప్పుడు పెట్టింది ఈ అమ్మాయి ఆ బోర్డు. షెడ్డు వాళ్ల నాన్నది. ఆయన్ని అందరూ పెద్దమేస్త్రి అంటారు, ఈమెని చిన్నమేస్త్రి అంటారు. బోర్డు చూసి నవ్వినవాళ్లున్నారు, వేరే షెడ్డుకి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. ఆమె మాత్రం అక్షరం మార్చలేదు.

అతనూ వెళ్లిపోయేవాడే. కానీ పానా అప్పటికే చేతిలో ఉంది. పైగా ఓ ఆడపిల్ల చూస్తుండగా "రాదు" అనడానికి మొహం చెల్లలేదు. చొక్కా చేతులు మడిచి, నట్టు పట్టుకుని, పళ్లు బిగించి తిప్పాడు. అరగంట తిప్పాడు.

"సార్," అంది ఆమె ఎంతో మర్యాదగా, "అది బిగుస్తోంది. మీరు ఊడదీయాలి."

ఆ గురువారం అతను వెళ్లలేదు.

*

అతను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాడు. గోడ మీద అక్షరాలు చదివించి చూపు పరీక్షించడం, అద్దాలు అరగదీయడం, ఫ్రేములో కూర్చోబెట్టడం అతని పని. అక్క ఇంట్లోనే ఉంటాడు. అక్క బడిలో లెక్కల టీచరు. బావ ఉద్యోగం మీద ఊళ్లు తిరుగుతుంటాడు కనుక ఇంట్లో ప్రతి విషయానికీ తీర్పు చెప్పేది అక్కే.

ఆ వారం రోజులూ సాయంత్రం షాపు నుంచి రాగానే అతను ఇంటి ముందు గోనెపట్టా పరిచేవాడు. చిన్నమేస్త్రి ఆ రోజు నేర్పిన వరసలోనే నట్టు వదులుచేయడం, బ్రేకు రాడ్డు విప్పడం, ఇరుసు లాగడం, చక్రం వంచి బయటికి తీయడం. మళ్లీ మొదటికి. అక్క మెట్ల మీద కూర్చుని, పిల్లల జవాబు పేపర్లు దిద్దుకుంటూ, వాచీ చూసి టైము చెప్పేది.

"గంటా పది నిమిషాలు," అంది బుధవారం.

"నలభై," అంది గురువారం.

శనివారం ఇరవై నాలుగు నిమిషాలకి వచ్చింది. "ఒరేయ్, పెళ్లికొడుకుని చేసినట్టు ఆ చక్రాన్ని అంత తుడవక్కర్లేదు. చాల్లే, లోపలికి రా," అంది అక్క. ఆమెకి లోపల గర్వంగానే ఉంది.

మర్నాడు ఆదివారం. షెడ్డులో చిన్నమేస్త్రి బోర్లించిన ఆయిల్ డబ్బా మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. అతని చేతులు చకచకా నడుస్తున్నాయి. చక్రం ఊడొచ్చింది. మళ్లీ లోపలికి వెళ్తోంది.

"పర్వాలేదే!" అంది ఆమె. "వారంలో ఇంత నేర్చుకున్నవాళ్లని చూళ్లేదు. ఇంకో ఐదు నిమిషాల్లో పాస్. పాసైతే ఇంక మీకు ఈ షెడ్డు గొడవే ఉండదు సార్. మళ్లీ రానే అక్కర్లేదు."

అతను తలెత్తి చూశాడు. చూడకుండా ఉండాల్సింది. పాత ట్యూబు ముక్కతో జుట్టు ముడివేసుకుంది. కనుబొమ్మ పక్కన గ్రీజు మరక. అతను నేర్చుకున్నందుకు అతని కంటే ఆమే ఎక్కువ సంతోషపడుతోంది. అంత నిజాయితీగా సంతోషపడే మొహాన్ని అతను అంతకు ముందు ఇంత దగ్గర్నుంచి చూడలేదు. రేపట్నుంచి చూడడానికి వీల్లేదనీ ఆ క్షణంలోనే తెలిసింది.

అంతే. చక్రానికీ ఫ్రేముకీ మధ్య ఉండాల్సిన గుండ్రటి ఇనప ముక్కని కాలి పక్కనే వదిలేసి, అతను నట్టు బిగించేశాడు. ఎలా జరిగిందో అతనికే తెలియదు. నిజం చెప్పాలంటే బాగానే తెలుసు.

ఆమె వంగి ఆ ముక్క తీసింది. "ఇదేంటి సార్?"

"అయ్యో! అది ఈ బండిదేనా?"

"కాదు, మా నానమ్మ చేతి గాజు."

"అంటే... ఫెయిలా?"

"మరి? ఇది లేకుండా వెళ్తే పది కిలోమీటర్లకే చక్రం అటూ ఇటూ ఊగుతుంది. వచ్చే ఆదివారం రండి."

అతను ఎంత దిగులుగా మొహం పెట్టాలో అంతా పెట్టాడు. బండి తోసుకుంటూ గుమ్మం దాకా వెళ్లాక ఆమె వెనక నుంచి పిలిచింది.

"ఉండండి. ఎలాగూ వచ్చారు కదా, క్లచ్ కేబుల్ మార్చడం కూడా చూసి వెళ్లండి."

*

మూడో ఆదివారం చెయిన్ మరీ బిగించాడు. నాలుగో ఆదివారం బ్రేకు రాడ్డు మర్చిపోయాడు. ఐదో ఆదివారం ట్యూబుని టైరు లివరుతో తనే నొక్కి చిల్లు పెట్టాడు. అబద్ధం ఆడటానికి కూడా ఎంతో కొంత పనితనం కావాలి. ఏ వారం ఏ తప్పు చేయాలో అతను శుక్రవారమే ఆలోచించి పెట్టుకునేవాడు.

ఫెయిలైన ప్రతిసారీ ఆమె ఇంకోటి నేర్పేది. ఒక వారం ప్లగ్గు, ఒక వారం ఫ్యూజు, ఒక వారం సామాను తాళ్లతో కట్టే పద్ధతి. రెండో టెంటు ఇంటికి పంపించేసింది. ఏడు చొక్కాల్లో నాలుగు తీసేసింది.

"మూడు చొక్కాలతో ఐదు రోజులెలా అండీ?"

"సముద్రం మీ చొక్కా చూడదు సార్."

నాలుగో ఆదివారం వాన పడింది. వేసవి వాన, చెప్పాపెట్టకుండా వచ్చింది. రేకుల మీద ఆ చప్పుడుకి మాట వినబడక ఇద్దరూ దగ్గరగా జరగాల్సి వచ్చింది. పెద్దమేస్త్రి ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చి, లోపలికెళ్లి నడుం వాల్చాడు.

"ఇంతకీ ఆ ఏడువందల కిలోమీటర్ల చివర ఏముంది?" అని అడిగింది ఆమె.

"రోడ్డు అయిపోతుంది. మ్యాపులో చూశాను. నల్లగీత సముద్రం దాకా వెళ్లి, అక్కడ ఆగిపోయింది. అదొక్కసారి కళ్లారా చూడాలి."

"అంతేనా?"

"రోజంతా వచ్చినవాళ్లందర్నీ దూరం కనబడుతోందా అని అడుగుతానండీ. నేను చూసిన దూరమల్లా షాపు నుంచి ఇంటికి, ఇంటి నుంచి షాపుకి."

ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వానని చూసింది. "నా చేతుల మీదుగా వెళ్లిన బళ్లు ఎక్కడెక్కడో తిరిగొచ్చాయి. సైలెన్సరు మీద అంటుకున్న మట్టి రంగు చూసి, ఏ వైపు వెళ్లొచ్చాయో చెప్పేస్తాను. నేను మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. నాన్న చేతిలో ఈ మధ్య పొరపాట్లు దొర్లుతున్నాయి. కార్బురేటరు లాంటి సన్న పనులన్నీ నేనే చూడాలి. షెడ్డు వదిలితే ఎలా?"

ఆమె గొంతులో ఫిర్యాదు లేదు. అందుకే అతనికి ఎక్కువ బాధేసింది.

"అది సరే," అంది ఆమె మళ్లీ మామూలు గొంతుతో. "ఇంకో నెలలో అసలు వానలొస్తాయి. కొండదారి మూసేస్తారు. మళ్లీ నాలుగు నెలల దాకా తెరవరు. ఈలోపు నేర్చేసుకోండి సార్, మీకు పుణ్యముంటుంది. మీకు పని రావట్లేదని నాకు నిద్రపట్టట్లేదు."

ఆ మాట ఆమె నవ్వుతూ అనలేదు. అతను టీ గ్లాసులోకి చూశాడు. ఈ వారంతో ఆపేయాలి, చెప్పేయాలి అనుకున్నాడు. వాన తగ్గింది. అతను చెప్పలేదు.

షాపు యజమాని నెమ్మదస్తుడు. మూడోసారి సెలవు వాయిదా వేయమని అడిగినప్పుడు కళ్లజోడు ముక్కు మీదికి జార్చి చూశాడు. "సెలవు ఇవ్వని యజమానుల్ని చూశాం గానీ, ఇచ్చినా తీసుకోని వాడిని నిన్నే చూస్తున్నానయ్యా," అన్నాడు.

*

ఆరో ఆదివారం ఎప్పటిలాగే ఫెయిలయ్యాక అతను ఒక మంచి పని చేశాడు. ఆ మంచి పనే అతని కొంప ముంచింది.

పెద్దమేస్త్రి ఒక ప్లగ్గు తీసుకుని, దాని కొనని చూడడానికి చెయ్యి బారెడు చాపడం అతను గమనించాడు. ఆ తర్వాత ఫోను కూడా అలాగే చాపి పట్టుకున్నాడు. కళ్లకి ఎప్పటిదో జోడు ఉంది. ఒక కాడ విరిగితే కేబుల్ తీగతో కట్టుకున్నాడు.

చిన్నమేస్త్రి అవతల ఇంకో బండితో ఉన్న సమయం చూసి, అతను ఆయన పక్కన చతికిలబడ్డాడు. "పెద్దమేస్త్రి గారూ, మీ చేతుల్లో ఏ లోపమూ లేదు. మీకు దగ్గర చూపు తగ్గింది."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "మెల్లిగా బాబూ! మా అమ్మాయి వింటే ఉన్న పని కూడా లాక్కుంటుంది."

"అద్దాలు మారిస్తే వెంట్రుక కూడా కనబడుతుంది. బుధవారం మా షాపుకి రండి. నేను చూస్తాను."

ఆయన ఒప్పుకున్నాడు. వస్తూ కూతుర్ని వెంటబెట్టుకుని వస్తాడని మాత్రం అతను అనుకోలేదు.

బుధవారం మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉంది. అతను ఇస్త్రీ చొక్కాలో, శుభ్రమైన చేతులతో, తన రాజ్యంలో తను ఉన్నాడు. పెద్దమేస్త్రిని కూర్చోబెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ, ఓపిగ్గా అక్షరాలు చదివించాడు. చిన్నమేస్త్రి వెనక నిలబడి వింటోంది. లోపం తన చేతుల్లో కాదు, కళ్లలోనే అని తేలినప్పుడు ఆయన చిన్నపిల్లాడిలా కూతురి వైపు తిరిగి చూశాడు. ఆమె కళ్లు తడయ్యాయి.

"ఇన్నాళ్లూ చెప్పొచ్చు కదా నాన్నా," అంది.

ఆ ఆనందంలో అతను ఒళ్లు మరిచిపోయాడు. కొత్త అద్దాలు శనివారానికి వస్తాయి, ఈలోపు ఈ విరిగిన కాడ సరిచేసి ఇస్తానని పాత జోడు చేతిలోకి తీసుకున్నాడు. తీగ విప్పేశాడు. నువ్వుగింజలో సగం ఉండే స్క్రూని పట్టకారుతో ఎత్తి, కంతలో నిలబెట్టి, ఆయనతో మాట్లాడుతూనే, అటు చూడకుండానే, రెండు తిప్పుల్లో బిగించేశాడు. రెండో వైపు కూడా వదులుగా ఉందని అదీ బిగించాడు. మొత్తం పట్టింది అర నిమిషం.

"అబ్బ, ఏం చేతులయ్యా!" అన్నాడు పెద్దమేస్త్రి.

"పదేళ్ల నుంచి చేస్తున్నానండీ. కళ్లు మూసుకుని కూడా బిగిస్తాను," అన్నాడు అతను, నవ్వుతూ, చిన్నమేస్త్రి వైపు తిరిగి.

ఆమె నవ్వడం లేదు. అతని వేళ్లని చూస్తోంది.

"బొటనవేలంత నట్టు ఆరు వారాలుగా బిగించలేని చేతులు ఇవేనా?" అంది.

అతను కళ్లజోడు బల్ల మీద పెట్టాడు. అబద్ధం చెబుదామని నోరు తెరిచాడు.

"ఎప్పుడొచ్చింది మీకు పని?"

"రెండో వారానికే."

"అంటే ఐదు ఆదివారాలుగా... కావాలనే?"

అతను తల వంచుకున్నాడు.

"మీకు ఆటగా ఉందా సార్? ఒక్క మనిషికి నేర్పలేకపోతున్నానంటే తప్పు నాదే అనుకున్నాను. నాకు చెప్పడం చేతకాదనుకున్నాను. పోయిన వారం ఇద్దరొచ్చారు, పరీక్ష పెట్టమని. నావల్ల కాదు, వేరే చోట చూసుకోండని పంపించేశాను. ఆ బోర్డు తీసేద్దామని నాన్నతో కూడా అన్నాను. ఎవరు నవ్వినా తీయని బోర్డు!"

"అలా అనుకుంటారని నాకు తెలీదండీ. నేను..."

"ఆదివారం ఏడింటికి రండి. పరీక్ష పెడతాను. పాసై వెళ్లండి. ఇంక ఏం మాట్లాడొద్దు." తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

*

అక్క అంతా విని, ఎర్ర పెన్ను పక్కన పెట్టింది. "నువ్వు తప్పుచేశావురా. ప్రేమించినందుకు అనట్లేదు. దాన్ని నోటితో చెప్పకుండా ఆ పిల్ల పనితో ఆడుకున్నందుకు అంటున్నా."

"ఏం చేయను మరి? ఆదివారం పాసైతే అంతటితో సరి. మళ్లీ మొహం చూడదు. ఫెయిలైతే..."

"ఫెయిలైతే నేనే నిన్ను ఇంట్లోకి రానివ్వను."

అక్క అన్నదాంట్లో కాదనడానికేమీ లేదు. బాగా చేస్తే ఆమె దూరమవుతుంది. అయినా బాగా చేయాల్సిందే. ఆదివారం పొద్దున్నే లేచి తయారయ్యాడు. "వెనక నేనూ వస్తా, పద," అని అక్క వాచీ పెట్టుకుని బండెక్కింది.

షెడ్డులో పెద్దమేస్త్రి కొత్త కళ్లజోడుతో వెలిగిపోతున్నాడు. నిన్న సాయంత్రం నుంచి కనబడిన ప్రతిదీ పైకి చదువుతున్నాడు. ఆయిల్ డబ్బా మీద సన్నక్షరాలు చదివాడు. టైరు మీది అంకెలు చదివాడు. వచ్చిన అక్కని కూర్చోమని, ఆమె వాచీ మీద కంపెనీ పేరు కూడా చదివాడు. చిన్నమేస్త్రి మాత్రం ఎవరి వైపూ చూడలేదు. "మొదలెట్టండి," అంది.

అతను మొదలుపెట్టాడు. ఏ తొందరా లేదు, ఏ తడబాటూ లేదు. చక్రం తీశాడు, టైరు విప్పాడు, ట్యూబుకి అతుకేశాడు, ఎక్కించాడు, గాలి కొట్టాడు, బిగించాడు. ఇనప ముక్కని దాని చోట పెట్టాడు. చెయిన్ రెండు వేళ్ల వదులు ఉందో లేదో చూశాడు. బ్రేకు తొక్కి చూశాడు. లేచి నిలబడ్డాడు.

"ముప్పై ఒక్క నిమిషం. పంక్చరుతో కలిపి," అంది అక్క.

చిన్నమేస్త్రి ప్రతి నట్టునీ పానాతో తాకి చూసింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. "పాస్," అంది. ఆ మాట చెప్పడానికి ఆమెకి ఇబ్బందిగానే ఉంది.

"ఒక్క మాట చెప్పి వెళ్తాను," అన్నాడు అతను. "ఆ బోర్డు తీయొద్దండీ. ఎన్నడూ పానా పట్టని వాడికి రెండో వారానికే పని వచ్చేసింది. అంత బాగా నేర్పారు మీరు. పాసైతే మళ్లీ రానక్కర్లేదన్నారు చూడండి, ఆ మాటకి ఫెయిలయ్యాను. మీరంటే ఇష్టం. ఆ రోజే చెప్పాల్సింది. చెప్పే ధైర్యం లేక తప్పులు చేశాను. దానివల్ల మీ మీద మీకే నమ్మకం పోతుందని తట్టలేదు. క్షమించండి."

ఆమె శుభ్రంగానే ఉన్న పానాని గుడ్డతో తుడుస్తోంది.

సరిగ్గా అప్పుడే పెద్దమేస్త్రి మేకుకి వేలాడుతున్న నోటుపుస్తకం అందుకున్నాడు. పరీక్షకి వచ్చినవాళ్లకి ఏమేం నేర్పిందో కూతురు రాసుకునే పుస్తకం అది. కొత్త చూపు మోజులో ఉన్న మనిషి, ఊరుకుంటాడా? పైకి చదవడం మొదలుపెట్టాడు.

"బస్సు కండక్టరు: చక్రం, చెయిన్. రెండు వారాలు, పాస్. బేకరీ ఆవిడ: చక్రం, చెయిన్. రెండు వారాలు, పాస్. బాగుంది. కళ్లజోడు సార్: చక్రం, చెయిన్, క్లచ్ కేబుల్, ప్లగ్గు, ఫ్యూజు, హెడ్‌లైటు బల్బు..." పేజీ తిప్పాడు. "సామాను కట్టడం. సామాను విప్పడం. సామాను విప్పడం కూడా నేర్పావా తల్లీ? అది ఎవరికి రాదు?"

"నాన్నా, అటివ్వండి."

"ఉండమ్మా, ఇంకా ఉంది. వాన వస్తే ఏం చేయాలి: తగ్గేదాకా ఆగడం, టీ తాగడం." ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఇవన్నీ మన బోర్డు మీద లేవే?"

అక్క పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నమేస్త్రి మొహం గ్రీజు మరకలు మినహా మొత్తం ఎర్రబడింది. అతను ఆమె వైపే చూస్తున్నాడు, నోరు తెరుచుకుని.

"అలా చూడకండి!" అందామె కోపంగా. "మీకు పనొచ్చేసిందని నాకు నిజంగా తెలీదు. రావాలనే నేర్పాను. కానీ... ఈ వారం కూడా రాకపోతే బావుణ్ణు అని ప్రతి శనివారం అనుకునేదాన్ని. అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకునేదాన్ని. తీరా చూస్తే మీరు అక్కడ హాయిగా... అందుకే అంత కోపమొచ్చింది."

"హాయిగా ఏం లేనండీ. శుక్రవారం నుంచే టెన్షన్. ఏ తప్పు చేయాలో తోచక చచ్చాను."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోబోయింది. కుదరలేదు. ఆ నవ్వుకి అతని గుండె మీంచి ఇంజను దింపినట్టయింది.

పెద్దమేస్త్రి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఆయనకి దూరపు చూపు ఎప్పుడూ బాగానే ఉంది. "గురువారం బయల్దేరుతున్నావా బాబూ?" అన్నాడు.

"అవునండీ. ఆ తర్వాతైతే కొండదారి మూసేస్తారు."

"ఇదీ వెళ్తుంది."

"నాన్నా! షెడ్డు ఎవరు చూస్తారు?"

ఆయన బల్ల మీద విప్పి ఉన్న కార్బురేటరులోంచి ఒక చిన్న ఇత్తడి ముక్క తీసి, వెలుతురుకెత్తి, దానిలోని వెంట్రుకవాసి కంతలోంచి చూశాడు. సన్న తీగ పెట్టి ఒక్క తోపుతో శుభ్రం చేశాడు. "ఇదిగో, కనబడుతోంది. ఐదు రోజులు కాదు, పది రోజులు తిరిగి రా. ఊరందర్నీ పంపించావు, నిన్ను పంపించలేదన్న బాధ నాకుండదా?" అని, కాస్త ఆగి, అక్క వైపు చూశాడు. "కాకపోతే ఒక పెద్దదిక్కు వెంట ఉంటే..."

"బడికి సెలవులే," అంది అక్క, అడగడం పూర్తి కాకుండానే. "నేను వెళ్తాను. అయితే నేను ఈ అమ్మాయి వెనక కూర్చుంటాను. వీడి వెనక కూర్చోను. ఐదుసార్లు ఫెయిలైన మనిషి."

"అక్కా! కావాలనే ఫెయిలయ్యాను!"

"అది ఇంకా ప్రమాదం."

*

గురువారం పొద్దున్నే రెండు బళ్లు బయల్దేరాయి. ఆకాశంలో అక్కడక్కడా మబ్బులున్నాయి గానీ కురిసే ఉద్దేశం ఉన్నట్టు లేదు. చిన్నమేస్త్రి ముందు వెళ్తోంది. ఆమె వెనక అక్క, రెండు చేతులతో ఆమె నడుం పట్టుకుని, దారిన పోయేవాళ్లందరికీ కనబడేలా నిటారుగా కూర్చుంది. అతను వెనక వస్తున్నాడు.

ఊరి ఇళ్లు పలచబడి, రోడ్డు పక్క పొలాలు మొదలయ్యాక, ఒక మైలురాయి దగ్గర ఆమె బండి వేగం తగ్గించింది. పక్కకి తీసి ఆపేసింది. అతను కంగారుగా వచ్చి పక్కన ఆగాడు.

"ఏమైంది? బండి ఏమన్నా..."

ఆమె హెల్మెట్ తీసింది. "బండికేం కాలేదు. రిపేరు చేసిన ప్రతి బండినీ నడిపి చూడ్డానికి ఇక్కడిదాకా తెస్తాను. ఈ రాయి దగ్గర తిప్పుకుని వెళ్లిపోతాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాటలేదు. దీని తర్వాత దారి ఎలా ఉంటుందో నాకు తెలీదు."

"నాకూ తెలీదు," అన్నాడు అతను.

"భయంగా ఉంది."

"నాకు కూడా. తిప్పేద్దామా?"

ఆమె తలూపలేదు. ముందున్న రోడ్డు వైపు చాలాసేపు చూసింది. తర్వాత అతని వైపు చూసింది, అంతకంటే ఎక్కువసేపు. షెడ్డులో అతను తన మాట చెప్పాక, ఆమె తన మాట పూర్తిగా చెప్పలేదు. నాలుగు రోజులుగా అతను ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. అడిగే ధైర్యం మాత్రం ఇప్పటికీ లేదు.

ఆమె హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించుకుని, కిక్ కొట్టింది. బండి అందుకుంది. ఆదివారం నుంచీ తను 'టీచర్ గారూ' అని పిలుస్తూ వచ్చిన అక్క వైపు తల తిప్పి, అతనికి బాగా వినబడేలా అంది:

"గట్టిగా పట్టుకోండి వదినా. వెళ్దాం."

బండి రాయి దాటి ముందుకెళ్లిపోయింది. పది గజాలు వెళ్లాక అక్కకి ఆ పిలుపు బుర్రకెక్కింది. పట్టుకున్న రెండు చేతులూ వదిలేసి, సీటు మీదే వెనక్కి తిరిగి, "ఒరేయ్! విన్నావురా?" అని పొలాలన్నీ మార్మోగేలా అరిచింది.

వినకపోవడమేమిటి. బండి దిగి రోడ్డు మధ్యలో నిలబడి, వాళ్లు కనబడినంతసేపూ, రెండు చేతులూ ఊపుతూనే ఉన్నాడు. తర్వాత ఒక్క ఉరుకున బండెక్కి వాళ్ల వెనకే వెళ్లాడు.